పనయ్యాక కాదు, పొద్దు వాలగానే

“ఈ ఒక్క పని తెమిలిపోతే హాయిగా కూర్చుంటాను” అనే మాట మన ఇళ్లలో, ఆఫీసుల్లో రోజూ వినిపిస్తూనే ఉంటుంది. పైకి అమాయకంగా కనిపించే ఈ మాట వెనక విశ్రాంతి గురించి ఒక సిద్ధాంతమే ఉంది. ముందు పని, అది ముగిశాక ఏమైనా మిగిలితే విశ్రాంతి. చేను కోసి కుప్ప వేస్తే ముగిసే పనుల విషయంలో ఈ సిద్ధాంతం కొంతవరకు నిలబడేది. ఈమెయిలుకు ముగింపు లేదు. వాట్సాప్ గ్రూపుకు లేదు. పిల్లల కోచింగుకు, ఇంటి లోనుకు, ఇంటి శుభ్రానికి అసలే లేదు. ముగింపు లేని పనికి ‘తర్వాత’ అనేదే రాదు కాబట్టి ఆ ‘తర్వాత’ మీద ఆశ పెట్టుకున్న విశ్రాంతి కూడా రాదు. విశ్రాంతిని పనికి మిగులుగా చూసినంతకాలం అది దొరకదని, దానికి విడిగా ఒక వేళ, ఒక సిద్ధపాటు, ఒక స్వాగతం ఉంటేనే దొరుకుతుందని ఈ అధ్యాయంలో వాదిస్తాను. అందుకు సాక్ష్యంగా తీసుకుంటున్నది సబ్బాతు. రెండు వేల ఏళ్లకు పైగా అనేక దేశాల్లో, అనేక రకాల మనుషులు పాటిస్తూ, సవరిస్తూ, దాని మీద తగవులాడుకుంటూ వచ్చిన వారపు విశ్రాంతి అది. విశ్రాంతి మీద ఇంత సుదీర్ఘంగా నడిచిన ప్రయోగం నాకు తెలిసి మరొకటి లేదు.

మొదట దాని గడియారం సంగతి చూడండి. యూదుల సబ్బాతు శుక్రవారం సూర్యాస్తమయంతో మొదలై, శనివారం రాత్రి ఆకాశంలో మూడు చుక్కలు కనిపించేదాకా సాగుతుంది. దీపాలు అస్తమయానికి ముందే వెలిగించాలి. ఎక్కువ చోట్ల 18 నిమిషాల ముందు, జెరూసలేములో 40 నిమిషాల ముందు వెలిగించడం ఆచారం. ఏ వారం ఏ ఊళ్లో దీపం పెట్టే వేళ ఎంతో క్యాలెండర్లలో అచ్చవుతుంది. లండన్‌లో డిసెంబరు నెలలో ఆ వేళ మధ్యాహ్నం నాలుగు కొట్టకముందే వచ్చేస్తుంది, జూన్‌లో రాత్రి తొమ్మిది దాటుతుంది. సూర్యుడు ఎవరి ఫైలు ఎంతవరకు వచ్చిందో చూసుకుని అస్తమించడు. సబ్బాతు పాటించేవాళ్ల వారమంతా ఆ అంచును దృష్టిలో పెట్టుకునే నడుస్తుంది. శుక్రవారం మధ్యాహ్నం మొదలుపెట్టే పనులు, గురువారమే తెమల్చాల్సిన పనులు, వచ్చే వారానికి వదిలేయాల్సిన పనులు వాటంతటవే విడిపోతాయి. మనకు ఆదివారం సెలవు ఉన్నా అది విశ్రాంతిగా అనిపించకపోవడానికి ఒక కారణం ఇక్కడే దొరుకుతుంది. ఆ సెలవుకు తేదీ ఉంది గానీ అంచు లేదు. శనివారం రాత్రి ఎప్పుడో పని సన్నగిల్లుతుంది, ఆదివారం మధ్యలో మళ్లీ మొదలవుతుంది. ఎక్కడ ఆగిందో ఎవరూ చెప్పలేరు.

అయితే పని అంటే ఏమిటి? ఈ ప్రశ్నకు రబ్బీలు, అంటే యూదు మత పండితులు, ఇచ్చిన జవాబు ఆశ్చర్యంగా ఉంటుంది. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన వాళ్ల ధర్మశాస్త్ర సంకలనం మిష్నా, సబ్బాతునాడు చేయకూడని పనులను ‘నలభైకి ఒకటి తక్కువ’ అని లెక్కపెట్టింది. దున్నడం, విత్తడం, కోయడం, పిండి పిసకడం, రొట్టె కాల్చడం, ముడి వేయడం, ముడి విప్పడం, రెండు అక్షరాలు రాయడం, రాసింది చెరపడం, నిప్పు రాజేయడం, ఆర్పడం, ఇంట్లోంచి వీధిలోకి వస్తువు మోసుకెళ్లడం, ఇలా సాగుతుంది ఆ జాబితా. ఎడారిలో ప్రత్యక్ష గుడారాన్ని, అంటే ఇశ్రాయేలీయులు వెంట మోసుకెళ్లిన ఆరాధనా స్థలాన్ని, నిర్మించడానికి అవసరమైన పనులే ఇవి అని సంప్రదాయం చెబుతుంది. ఇందులో అలసటను కొలతగా తీసుకోలేదు. ఇంట్లో బరువైన బల్లను ఒక గదిలోంచి మరో గదిలోకి జరిపితే చెమట పడుతుంది, కానీ అది జాబితాలోకి రాదు. అగ్గిపుల్ల గీస్తే చెయ్యి కూడా నొప్పి పుట్టదు, అది వస్తుంది. లోకంలో ఉన్నదాన్ని మార్చి మనకు కావలసినట్టు తయారు చేసుకోవడమే ఇక్కడ పని. జాబితా చివరి భాగంలో ఇంకో పని ఉంది, దాని పేరు ‘సుత్తి దెబ్బ’. ఒక వస్తువు తయారీలో ఆఖరుగా వేసే దెబ్బ, దాన్ని పూర్తి చేసే దెబ్బ. నా వాదనకు 39 పనుల్లోనూ ఇదే కీలకం. “ఇంక కొంచెమే ఉంది, ఇది పూర్తి చేసి ఆపేస్తాను” అని మనల్ని మనం నమ్మించుకుంటాం చూడండి, సరిగ్గా ఆ ‘కొంచెం’ మీదే నిషేధం. తొంభై తొమ్మిది పాళ్లు అయిన పనిని కూడా ఆ ఒక్క పాలు మిగిలి ఉండగానే వదిలి లేవాలి. లేవగలిగితే మిగతా 38 సులువు.

అసంపూర్తిగా వదిలిన పని మనసులో గుచ్చుకుంటూ ఉండదా? ఇది న్యాయమైన అభ్యంతరమే, మనస్తత్వ శాస్త్రం కూడా దీన్ని పట్టించుకుంది. ముగియని లక్ష్యాలు వేరే పని మధ్యలో దూరి ఏకాగ్రతను చెడగొడతాయని మాసికాంపో, బామైస్టర్ అనే ఇద్దరు పరిశోధకులు 2011లో ప్రచురించిన ప్రయోగాల్లో చూపించారు. అయితే ఆ పని పూర్తి కాకపోయినా, దాన్ని ఎప్పుడు, ఎలా చేయాలో ఒక కచ్చితమైన ప్రణాళిక వేసుకున్నవాళ్లకు ఆ బాధ చాలావరకు తగ్గిందని కూడా వాళ్లే చూపించారు. మనసు అడిగేది పని పూర్తి కావాలని కాదన్నమాట, దాని సంగతి ఎవరో చూసుకుంటున్నారన్న భరోసా ఉంటే చాలు. సబ్బాతు ఈ భరోసాను శుక్రవారం రూపంలో సమకూర్చింది. ఎడారిలో ఇశ్రాయేలీయులకు దేవుడిచ్చిన ఆహారం, మన్నా, ఆరో రోజున రెండింతలు దొరికేదని నిర్గమకాండం చెబుతుంది. దానికి గుర్తుగానే సబ్బాతు భోజనపు బల్ల మీద రెండు రొట్టెలు గుడ్డ కప్పి పెడతారు. తెలుగు బైబిలు చదివినవాళ్లకు ‘సిద్ధపరచు దినము’ పరిచయమే. మన ప్రాంతంలో సెవెంత్ డే అడ్వెంటిస్టు సంఘాలవాళ్లు శుక్రవారాన్ని ఇప్పటికీ ఆ దృష్టితోనే చూస్తారు. వంట, బట్టలు, ఇల్లు సర్దడం శుక్రవారం పొద్దు గుంకేలోపు ముగించి, అప్పటినుంచి శనివారం అస్తమయం దాకా సబ్బాతు పాటిస్తారు. యూదు వంటిళ్లలో ఈ సిద్ధపాటు ఏకంగా ఒక పాకశాస్త్రాన్నే పుట్టించింది. నిప్పు రాజేయకూడదు గానీ ముందే రాజేసిన నిప్పు మీద వంట అలా ఉండనివ్వచ్చు. అందువల్ల తూర్పు ఐరోపాలో చోలెంట్, మొరాకోలో దఫీనా, ఇరాక్‌లో కోడిమాంసం, బియ్యం కలిపి వండే తబీత్, యెమెన్‌లో జఖ్నూన్, అన్నీ శుక్రవారం పొయ్యెక్కి రాత్రంతా సన్నని సెగ మీద మగ్గి శనివారం తినే వంటలే. ఒక్క నిషేధం ఇన్ని దేశాల్లో ఇన్ని రుచులకు కారణమైంది.

ఇక్కడ ఇంకో అభ్యంతరం వస్తుంది, దీన్ని తేలిగ్గా దాటేయలేం. శుక్రవారం ఆ సిద్ధపాటంతా చేసేది ఎవరు? మగవాళ్లు ప్రార్థనకు వెళ్లి వచ్చేసరికి తెల్లని బల్లగుడ్డ, వేడి భోజనం సిద్ధంగా ఉన్నాయంటే వాటి వెనక ఒక స్త్రీ గురువారం నుంచీ నిలువుకాళ్ల మీద ఉన్నట్టే. చరిత్రలో ఎక్కువ ఇళ్లలో జరిగింది ఇదే. మన పండగలకూ ఇదే తెగులు. కానీ ఇది ఆచారం తప్పనిసరిగా కోరిన ఏర్పాటు కాదు. మిష్నా మీద రబ్బీల చర్చల సంకలనమైన తాల్ముద్‌లో సబ్బాతు గ్రంథం, పేరుమోసిన పండితులు ఆ రోజు కోసం స్వయంగా ఏమేం పనులు చేసేవారో చెబుతుంది. ఒకరు కట్టెలు చీల్చేవారు, ఒకరు దీపాలు వెలిగించేవారు, ఒకరు వత్తులు పేనేవారు, ఒకరు దుంపలు తరిగేవారు, రావా అనే మహా పండితుడు చేపకు ఉప్పు పట్టించేవాడు. నౌకర్లు లేక చేసిన పనులు కావివి. పెద్ద హోదాలో ఉన్నవాడు చేపకు ఉప్పు రాస్తున్నాడంటే రాబోయేది ఎంత గొప్పదో ఇల్లంతటికీ అర్థమవుతుందని ఆ కథల ఆంతర్యం. మీ ఇంట్లో ఈ ప్రయోగం మొదలుపెట్టేటప్పుడు ముందుగా రాసుకోవాల్సిన కాగితం కూడా ఇదే. విశ్రాంతికి ముందు రోజు పనులేమిటి, ఏది ఎవరిది? ఆ కాగితంలో ఒకే పేరు పదిసార్లు కనిపిస్తే ఆ ఇంట్లో మొదలైంది సబ్బాతు కాదు, ఆ మనిషికి ఇంకో చాకిరీ.

సిద్ధపాటు అయ్యాక స్వాగతం. తాల్ముద్‌లోనే రబ్బీ హనీనా శుక్రవారం సంజవేళ మంచి బట్టలు కప్పుకుని, సబ్బాతు రాణికి ఎదురెళ్దాం రమ్మని తోటివాళ్లను పిలిచేవాడని, రబ్బీ యన్నాయి ఆమెను వధువుగా సంబోధిస్తూ ఆహ్వానించేవాడని ఉంది. పదహారో శతాబ్దంలో గలిలయ కొండల్లోని సఫేద్ పట్టణంలో మార్మికవాదులు ఈ మాటను అక్షరాలా ఆచరణలో పెట్టారు. పొద్దు వాలుతుండగా ఊరి బయట పొలాల్లోకి వెళ్లి పాటలతో సబ్బాతును ఎదుర్కొని తెచ్చేవారు. వాళ్లలో ఒకడైన ష్లోమో అల్కబెట్స్ రాసిన ‘లెఖా దోదీ’ అనే పాటను ఇవాళ ప్రపంచంలో దాదాపు ప్రతి యూదు సమాజ మందిరంలో శుక్రవారం సాయంత్రం పాడతారు. చివరి చరణానికి అందరూ లేచి ద్వారంవైపు తిరుగుతారు, వచ్చేవారిని చూస్తున్నట్టు. దానికి ముందు ఆరు కీర్తనలు చదువుతారు, 95 నుంచి 99 వరకు, ఆపైన 29. పనిచేసిన ఆరు రోజులకూ ఒక్కో కీర్తన. ఈ వరస నాకు చాలా తెలివైన ఏర్పాటుగా తోస్తుంది. పరిగెత్తుతున్న మనిషి ఒక్కసారిగా ఆగలేడు. గడిచిన వారాన్ని ఒక్కో రోజుగా వెనక్కి వదులుతూ ద్వారం దాకా రావాలి.

స్వాగతం ఎందుకు ఇంత ముఖ్యమంటే, పని మానడం ఒక్కటే విశ్రాంతి అయితే ఉద్యోగం లేనివాళ్లు అందరికంటే సేదతీరి ఉండాలి. వాళ్లను అడిగి చూడండి. పని తీసేసిన చోట ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీని ఏదో ఒకటి నింపుతుంది, మనం ముందే ఏదీ పెట్టకపోతే చేతిలోని ఫోనే నింపుతుంది. అందుకే సబ్బాతును నిషేధాల వైపునుంచి మాత్రమే చూస్తే సగమే చూసినట్టు. యెషయా ప్రవక్త గ్రంథం దాన్ని ఆనందంగా ఎంచమంటుంది. ద్రాక్షారసం పట్టుకుని చేసే ప్రతిష్ఠ, పిల్లల తలలపై చేతులుంచి ఇచ్చే దీవెన, భోజనాల మధ్య పాటలు, మధ్యాహ్నపు కునుకు, ఎవరి ఇంటికో నడిచి వెళ్లడం, కలిసి చదువుకోవడం, ఇవన్నీ ఆ ఆనందంలో భాగాలే. హాసిదీ అనే యూదు భక్తి ఉద్యమపు సంఘాల్లో గురువు బల్ల చుట్టూ వందలమంది కూడి అర్ధరాత్రి దాకా పాడతారు. మతాచారాన్ని తు.చ. తప్పకుండా పాటించేవాడు కాకపోయినా హీబ్రూ కవి బియాలిక్ 1920లలో టెల్ అవీవ్‌లో శనివారం మధ్యాహ్నాల్లో సభలు నడిపాడు. సాహిత్య ప్రసంగం, చర్చ, సామూహిక గానం ఉండేవి. కిబ్బుట్జ్‌లనే ఉమ్మడి వ్యవసాయ పల్లెల్లో దేవుణ్ణి నమ్మనివాళ్లు కూడా శుక్రవారం రాత్రి తెల్లబట్టలు వేసుకుని, ఉమ్మడి భోజనశాలలో కవితలు చదివి, పాటలు పాడి సబ్బాతును ఆహ్వానించారు. విశ్వాసం తీసేసినా మిగిలిన ఆకారం ఇది. కాబట్టి “నాకు ఆ మతం లేదు, నాకెందుకు?” అనేవారికి నా జవాబు, ఆ మతంలో పుట్టి దాన్ని వదిలినవాళ్లు కూడా ఈ ఒక్కదాన్ని వదలడానికి ఇష్టపడలేదనే. కాకపోతే ఒక జాగ్రత్త ఉంది. వాళ్ల దీవెనల్ని, దీపాల్ని అరువు తెచ్చుకుని అలంకారంగా వాడుకోవడం మర్యాద కాదు. దాని పనితనాన్ని అర్థం చేసుకుని మీ ఇంటికి తగిన ఆకారం మీరు తయారు చేసుకోవచ్చు.

ఆకారాలు ఎంత వేరుగా ఉండవచ్చో చెప్పడానికి నిప్పు ఒక్కటి చాలు. మీ నివాసాల్లో సబ్బాతునాడు నిప్పు రాజేయవద్దని తోరాలో, అంటే బైబిలు మొదటి ఐదు పుస్తకాల్లో, ఉన్న వాక్యాన్ని, ముందే వెలిగించినది మండుతూ ఉండవచ్చని రబ్బీలు అర్థం చేసుకున్నారు. అక్కడితో ఆగకుండా దీపం వెలిగించడాన్ని విధిగా చేశారు. రబ్బీల వ్యాఖ్యానాన్ని ఒప్పుకోని కరాయీయులనే యూదులు, ఇంట్లో నిప్పు ఉండనే కూడదని చీకట్లో కూర్చున్నారు, చల్లని తిండి తిన్నారు. ఇథియోపియాలోని బేటా ఇజ్రాయెల్ యూదులు కూడా పొయ్యి ఆర్పేసి, ముందే వండింది చల్లగానే తినేవారు. ఒకే వాక్యంలోంచి ఒక ఇంట వెలుగు, ఇంకో ఇంట చీకటి. ప్రయాణం విషయంలోనూ ఇంతే. వాహనం ఎక్కకూడదన్న నియమం వల్ల నియమాలను కచ్చితంగా పాటించే ఆర్థడాక్స్ యూదులు సమాజ మందిరానికి నడిచి వెళ్లేంత దూరంలో ఇళ్లు తీసుకుంటారు. అలా పేటలకు పేటలే ఏర్పడ్డాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో కుటుంబాలు దూరపు శివార్లకు తరలిపోవడం చూసి, అక్కడి యూదుల్లో కన్సర్వేటివ్ శాఖ 1950లో ప్రార్థన కోసమైతే కారులో రావచ్చని తీర్పు ఇచ్చింది. రానివాళ్లు కొందరు వచ్చారు, కానీ కారుంటే చాలు కాబట్టి దగ్గర దగ్గరగా ఉండాల్సిన అవసరం పోయిందన్న విమర్శ ఇప్పటికీ ఆ శాఖలోనే వినిపిస్తుంది. ప్రతి సడలింపుకూ ఖరీదుంది, ప్రతి కఠినత్వానికీ ఉంది. ఏ ఖరీదు చెల్లించగలరో చూసుకోవడం మీ వంతు. నేను గమనించమనేది వేరే. ఇంత విభేదించుకున్న వీళ్లలో ఏ ఒక్కరూ “ఆ రోజుకు ఎలా అనిపిస్తే అలా చేద్దాం” అనలేదు. అందరూ ముందే తేల్చుకున్నారు.

మన దేశంలోనూ దీనికి చరిత్ర ఉంది. కొంకణ తీరంలో గానుగ ఆడించి నూనె తీసే వృత్తిలో ఉన్న బెనే ఇజ్రాయెల్ యూదులు శనివారం గానుగ కట్టేవారు కాదు. చుట్టుపక్కలవాళ్లు వాళ్లను ‘శనివార్ తేలీ’లు అన్నారు, అంటే శనివారం సెలవు తీసుకునే నూనె గానుగవాళ్లు. మతగ్రంథాలూ పండితులూ పెద్దగా అందుబాటులో లేని కాలంలో వాళ్లు నిలబెట్టుకున్న కొద్ది ఆచారాల్లో ఇదొకటి, అదే వాళ్లకు పేరుగా స్థిరపడింది. మన గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిము అని తమను చెప్పుకునే తెలుగు కుటుంబాలున్నాయి. బాప్టిస్టు క్రైస్తవంలో ఉన్న మాదిగ కుటుంబాలు 1980ల చివర్లో యూదు సంప్రదాయాన్ని స్వీకరించి శనివారం సబ్బాతు పాటించడం మొదలుపెట్టాయి. కూలి మీద బతికే ఇంట్లో శనివారం పని మానడమంటే ఒక రోజు కూలి వదులుకోవడమే. విశ్రాంతి డబ్బున్నవాళ్ల విలాసం అనేవాళ్లు ఈ ఊరి పేరు ఒకసారి గుర్తు చేసుకోవాలి.

సువార్తలు చదివిన పాఠకులకు ఇంకో సందేహం రావచ్చు. ఇన్ని నియమాలు ఉంటే మనిషి కోసం విశ్రాంతి అన్నది పోయి, నియమం కోసం మనిషి అయిపోడా? మీట నొక్కకూడదని ప్రతి అంతస్తులో దానంతటదే ఆగే లిఫ్టులు, టైమరుతో వెలిగే బల్బులు చూస్తే బయటివాళ్లకు నవ్వు కూడా వస్తుంది. అయితే సబ్బాతును మీ చేతికి అప్పగించారే గానీ మిమ్మల్ని దాని చేతికి అప్పగించలేదన్న భావం రబ్బీల గ్రంథాల్లోనే ఉంది. ప్రాణాపాయం వస్తే సబ్బాతును పక్కన పెట్టడం వాళ్ల దృష్టిలో అనుమతి మాత్రమే కాదు, విధి. అటువంటప్పుడు ఆలోచిస్తూ నిలబడకుండా చకచకా కదిలినవాణ్ణి మెచ్చుకోవాలన్నారు. దీని వెనక చేదు అనుభవం ఉంది. క్రీ.పూ. రెండో శతాబ్దంలో గ్రీకు పాలకుల సైన్యం దాడి చేసినప్పుడు సబ్బాతునాడు ఆయుధం పట్టబోమని కొందరు యూదులు గుహల్లోనే ప్రాణాలు వదిలారు. ఆ తర్వాత వాళ్ల తిరుగుబాటు నాయకుడు మత్తతీయ, అతని అనుచరులు ఆత్మరక్షణకు ఆ రోజైనా పోరాడాలని నిర్ణయించారు. అంటే మినహాయింపును కూడా ముందే నిర్ణయించి పెట్టుకున్నారు. మీరూ అలాగే చేయండి. తల్లిదండ్రుల ఆరోగ్యం, చిన్నపిల్లలు, మీ వృత్తిలో నిజంగా ప్రాణాలకు సంబంధించినది, వీటిని ముందే రాసి పెట్టండి. ఆ కాగితంలో లేనిది ఏదీ ఆ రోజు అత్యవసరం కాదు. క్లయింటు గొంతు పెంచితే అది అత్యవసరం అయిపోదు.

“మా ఉద్యోగంలో ఇది కుదరదు” అన్నది అందరికంటే గట్టిగా వినిపించే అభ్యంతరం. ఎక్కువ గంటలు పనిచేస్తామని గర్వంగా చెప్పుకునే రంగాల్లో బిజినెస్ కన్సల్టింగ్ ఒకటి. హార్వర్డ్‌లో పరిశోధకురాలు లెస్లీ పెర్లో, బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్‌లో చేసిన అధ్యయనం 2009లో వెలువడింది. ఆమె పెట్టిన షరతు, జట్టులో ప్రతివాళ్లూ వారంలో ముందే నిర్ణయించిన ఒక రోజుగానీ ఒక సాయంత్రంగానీ పని పూర్తిగా మానాలి. సందేశాలు కూడా చూడకూడదు. ఇష్టమైతే మానవచ్చు అని కాకుండా, మానాల్సిందే అన్నారు. మొదట్లో కన్సల్టెంట్లే ఎదురు తిరిగారు. నెలలు గడిచేసరికి ఆ జట్లు ఉద్యోగ తృప్తి పెరిగిందని, ఒకరి పని ఒకరికి తెలిసేలా మాట్లాడుకోవడం మెరుగైందని చెప్పాయి. ఇవి వాళ్లు స్వయంగా చెప్పుకున్న ఫలితాలే, అందువల్ల వీటికి అతి విలువ ఇవ్వనక్కర్లేదు. కానీ కారణం మాత్రం తర్కానికి నిలుస్తుంది. ఒకడు కచ్చితంగా ఉండడని తెలిస్తే మిగిలినవాళ్లు అతని పని ముందే తెలుసుకుని పెట్టుకుంటారు. ఎప్పుడైనా దొరుకుతాడని తెలిస్తే ఎవరూ ఏదీ సర్దుకోరు.

విశ్రాంతి వేళ ముందే తెలియడం ఎంత ముఖ్యమో, అది పక్కవాళ్లతో కలవడం కూడా అంతే ముఖ్యం. దీనికి రుజువు ఒక వైఫల్యం నుంచి దొరుకుతుంది. సోవియట్ ప్రభుత్వం 1929లో ఆదివారాన్ని రద్దు చేసి ఐదు రోజుల వారం పెట్టింది. కార్మికుల్ని ఐదు గుంపులు చేసి, ఒక్కో గుంపుకు ఒక్కో రంగు కేటాయించి, ఒక్కో రోజు సెలవిచ్చింది. యంత్రాలు ఒక్క రోజూ ఆగకూడదని ఆలోచన. లెక్క ప్రకారం విశ్రాంతి పెరిగింది, ఏడింట ఒక రోజు బదులు ఐదింట ఒక రోజు. కానీ భర్త సెలవు నాడు భార్య ఫ్యాక్టరీలో ఉండేది, స్నేహితుల సెలవులు కలిసేవి కావు. యంత్రాలకూ మరమ్మతుకు వేళ దొరకలేదు. 1931లో అందరికీ ఒకే రోజు సెలవుండే ఆరు రోజుల వారానికి మారారు, 1940లో ఏడు రోజుల వారం, ఆదివారం తిరిగి వచ్చాయి. కాబట్టి మీ ఇంట్లో తలా ఒక రోజు తీసుకుంటే ఫలితం దక్కదు. షిఫ్టుల వల్ల రోజంతా కలవకపోతే, అందరూ ఇంట్లో ఉండే ఆరేడు గంటలు వెతకండి. ఆ కొద్ది గంటలే ఒక అంచుతో మొదలై ఒక అంచుతో ముగిస్తే, చెల్లాచెదురైన రెండు సెలవు రోజులకంటే మేలు.

ఆచరణ దగ్గరికి వస్తే, మొదటి నెల ఎక్కువ నియమాలు పెట్టుకోవద్దు. మొదలయ్యే వేళ గడియారంలో ఒకటి తీసుకోండి. అది పని మీద ఆధారపడకూడదు, దీపాలు పెట్టే వేళ అనో, ఏడు గంటలనో ఉండాలి. దానికి గంట ముందు, మిగిలిపోయిన పనులన్నీ ఒక కాగితం మీద, ఒక్కోదాని పక్కన ఎప్పుడు చేస్తారో రాసి మూసేయండి. నిషేధాలు మూడు చాలు, అవి కూడా స్పష్టంగా ఉండాలి. ‘ఫోను తక్కువ వాడాలి’ అన్నది నియమం కాదు, కోరిక. ‘ఫోను బీరువాలో ఉంటుంది’ అన్నది నియమం. డబ్బు, ఉద్యోగం, పిల్లల మార్కులు, ఈ మూడింటి మీద ఆ గంటల్లో మాట్లాడకూడదని పెట్టుకున్నా మంచిదే. యెషయా మాటను ఆధారం చేసుకుని రబ్బీలు సబ్బాతునాడు వ్యాపారపు సంభాషణను కూడా వద్దన్నారు. తర్వాత స్వాగతానికి ఒక చిన్న పని, ప్రతివారం అదే. పాట కావచ్చు, స్నానం చేసి బట్టలు మార్చుకోవడం కావచ్చు, అందరూ కూర్చున్నాక ఇంట్లో చిన్నవాళ్లు ఒక పద్యం చదవడం కావచ్చు. ముగింపును కూడా మరవకండి. శనివారం రాత్రి యూదులు ద్రాక్షారసం, సుగంధ ద్రవ్యాలు, పేనిన వత్తుల మైనపు దీపంతో హవ్దాలా అనే క్రతువు చేసి ఆ రోజును పనిదినాల నుంచి వేరు చేస్తారు. కొందరు ఆ తర్వాత రాణిని సాగనంపే పేరుతో ఇంకో భోజనం కూడా చేస్తారు. ముగింపు లేకపోతే రోజు చివర్లో ఎవరో ఒకరు దొంగచాటుగా ఫోను తీస్తారు, అక్కడినుంచి వచ్చేవారానికి నియమం నీరుగారుతుంది. ముగిసిన వేళ ఫలానా అని అందరికీ తెలిస్తే, అప్పుడు ఫోను తీయడంలో దొంగతనం ఉండదు.

చివరిగా, మీ విశ్రాంతికి కావలసిన పని ఎవరి చేత చేయిస్తున్నారన్నది. పది ఆజ్ఞలు బైబిలులో రెండుసార్లు వస్తాయి. నిర్గమకాండంలో సబ్బాతుకు కారణం సృష్టి, ద్వితీయోపదేశకాండంలో ఐగుప్తు బానిసత్వం. ఆ రెండోచోట దాసుడు, దాసి కూడా నీలాగే విశ్రమించాలని స్పష్టంగా ఉంది. ఎద్దును, గాడిదను కూడా చెప్పింది. మన దేశంలో మిల్లు కార్మికులకు ఆదివారం ఉచితంగా రాలేదు. నారాయణ్ మేఘాజీ లోఖండే బొంబాయిలో 1884 నుంచి కూడగట్టిన ఉద్యమం ఫలితంగా 1890 జూన్‌లో యజమానులు వారపు సెలవు ఒప్పుకున్నారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1921 ఒడంబడిక పరిశ్రమల్లో ఏడు రోజులకొకసారి వరసగా 24 గంటల విశ్రాంతి ఇవ్వాలంది, వీలైనంతవరకు అందరికీ ఒకేసారి ఇవ్వాలని కూడా అంది. 1948 ఫ్యాక్టరీల చట్టం కూడా వారపు సెలవు ఇవ్వాలంది. కానీ మీ ఇంట్లో గిన్నెలు తోమే మనిషి ఫ్యాక్టరీలో లేదు, శుక్రవారం రాత్రి మీరు ఆర్డరు చేస్తే బైకు మీద బిర్యానీ తెచ్చే కుర్రాడూ లేడు. మీరు పాటించబోయే వేళలకు వంట ముందురోజే చేసి పెట్టుకుంటే ఆ కుర్రాడి పరుగు ఒకటి తగ్గుతుంది. పనిమనిషికి వారంలో ఒక రోజు సెలవు, అది ఏ రోజో ఆమెనే అడిగి, జీతంలో కోత లేకుండా, మీ మొదటి సబ్బాతుకు ముందే ఖాయం చేయండి. ఆ రోజు ఇంట్లో చుట్టాలు ఉన్నా సరే, గిన్నెలు మీరే కడుక్కోండి.